నడుస్తుండగా పలకరిస్తే ఆగిపోతున్నారా?

పెద్దవాళ్ల నడక, మతిమరుపు గురించి కొంతకాలంగా ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. చాలామంది ఈ రెండింటినీ రెండు వేర్వేరు జబ్బులుగా చూసి, నడకకు ఎముకల డాక్టరు దగ్గరికి, మరుపుకు నరాల డాక్టరు దగ్గరికి తిప్పుతున్నారు. రెండూ ఒకే చోట ముడిపడి ఉన్న సంగతి ఈ జవాబులన్నిటిలోనూ కనిపిస్తుంది.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. సాయంత్రం గుడికి ఇద్దరం కలిసే వెళ్తాం. నిరుటిదాకా దారి పొడవునా కబుర్లు చెబుతూ నడిచేవారు. ఇప్పుడు ఏదైనా అడిగితే ఠక్కున ఆగి, జవాబు చెప్పి, అప్పుడు మళ్లీ అడుగు వేస్తున్నారు. కాళ్లనొప్పులు లేవంటారు. వయసు అనుకుని వదిలేయవచ్చా? – ఒక కోడలు, తెనాలి

వదిలేయకండి. అలాగని బెంబేలు పడాల్సిన పనీ లేదు. మీరు పట్టుకున్నది డాక్టర్లు కూడా లెక్కలోకి తీసుకునే గుర్తే. స్వీడన్‌లో పరిశోధకులు వృద్ధుల నివాసాల్లో ఉండే 58 మందిని నడుస్తుండగా మాటల్లోకి దించి చూశారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కింద పడ్డారు. 1997లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లు మీ మామగారి కంటే బలహీనంగా ఉన్నవాళ్లు కాబట్టి ఆ లెక్కను ఆయనకు అలాగే అంటగట్టకూడదు. ఆగకుండా నడిచినవాళ్లలోనూ పడినవాళ్లున్నారు. అయినా ఏ పరికరమూ అక్కర్లేకుండా దొరికే మంచి హెచ్చరిక ఇది.

ఎందుకు ఆగుతారంటే, వయసులో ఉన్నప్పుడు అడుగు వెంట అడుగు వేయించే పనిని వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా చూసుకుంటాయి. నుదుటి వెనక ఉండే భాగానికి, అంటే ఆలోచించి, లెక్కవేసి, నిర్ణయించే భాగానికి, నడకతో పెద్దగా పని ఉండదు. అది తీరిగ్గా కబుర్లు చెబుతుంది. వయసు పైబడేకొద్దీ పాదాల నరాలకు నేల స్పర్శ మసకబారుతుంది. ఒళ్లు తూలకుండా నిలిపే తూకం గురించి లోపలి చెవి పంపే సమాచారం తగ్గుతుంది. మెదడులో కదలికలను సాఫీగా సాగించే డోపమిన్ అనే రసాయనం తగ్గుతుంది. బీపీ, షుగర్ ఏళ్లతరబడి అదుపులో లేకపోతే మెదడులో ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే తంతువుల చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు చెడిపోతాయి. అప్పుడు దానంతటది సాగాల్సిన నడకను నుదుటి వెనక భాగం దగ్గరుండి నడిపించాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు ‘కరెంటు బిల్లు కట్టారా మామయ్యా?’ అన్నారనుకోండి, ఆ ఒక్క భాగం మీదే రెండు పనులు పడతాయి. ఆయన ఒకటి ఆపి రెండోది చేస్తున్నారు. ఒక రకంగా అది తెలివైన పనే. ఆగకుండా జవాబు చెబుతూ తూలేవాళ్లకే ముప్పు ఎక్కువ. కదలికలు మందగించి, వణుకు వచ్చే పార్కిన్సన్ అనే మెదడు జబ్బు ఉన్నవాళ్లలో ఈ తీరు తరచుగా కనిపిస్తుంది.

అందుకే ‘నడుస్తూనే చెప్పండి’ అని తొందరపెట్టకండి. రోడ్డు దాటేటప్పుడు, మెట్ల మీద, గుడి గడప దగ్గర మాట్లాడించకండి. అడగాల్సింది అరుగు మీద కూర్చున్నాక అడగండి.

ఏడాదిలో వచ్చిన మార్పు కాబట్టి ఒకసారి పరీక్షలు అవసరం. బీపీని పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక చూసి, లేచి నిలబడ్డ 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడమని అడగండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అదే ఒక కారణం కావచ్చు. బీ12, థైరాయిడ్, షుగర్ చూపించండి. కళ్లలో శుక్లాలు, చెవుల వినికిడి, పాదాల స్పర్శ కూడా చూపించాలి. శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లతరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గడం మామూలే. అది తగ్గితే పాదాల స్పర్శ, జ్ఞాపకశక్తి రెండూ దెబ్బతినవచ్చు. నడక నెమ్మదించడంతో పాటు ‘నాకు మరుపు వస్తోంది’ అని ఆయనే అంటుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఈ రెండూ కలిసి ఉన్నవాళ్లకు మున్ముందు డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చే అవకాశం ఎక్కువని గమనించి, 2013లో జో వర్గీస్ అనే న్యూరాలజిస్టు బృందం దానికి మోటారిక్ కాగ్నిటివ్ రిస్క్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది.

ఈ మార్పు ఏడాదిలో కాకుండా రోజుల్లో వచ్చి ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది పక్షవాతం కావచ్చు. కొన్ని వారాల కిందట తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరడమూ కావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

ప్రశ్న: మా నాన్నగారి నడక తగ్గిందో లేదో ఇంట్లోనే కొలుచుకునే పద్ధతి ఉందా? చూపులకు బాగానే నడుస్తున్నట్టుంది. – ఒక పాఠకుడు, కరీంనగర్

ఉంది. చేతులున్న కుర్చీ కావాలి, కూర్చునే ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే జారకుండా గోడకు ఆనించండి. కుర్చీ ముందు నుంచి 3 మీటర్లు టేపుతో కొలిచి, ముగ్గుతో గీత గీయండి. రోజూ వేసుకునే చెప్పులు వేసుకోవచ్చు, చేతికర్ర వాడే అలవాటుంటే పట్టుకోవచ్చు. ‘లేవండి’ అన్న క్షణం నుంచి, ఆయన లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగి వచ్చి, వీపు ఆనించి కూర్చునేదాకా ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. ఒకసారి ఊరికే చేయించి, రెండోసారి కొలవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. కొలిచే మనిషి కాక ఇంకొకరు ఆయన పక్కనే నడవాలి.

అసలు విషయం రెండో కొలతలో ఉంది. ముందు ఆయన్ను కూర్చోబెట్టి 100 నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి చెప్పమనండి: 97, 94, 91. కూర్చుని ఎలా చెబుతారో తెలిశాక, అదే లెక్క చెబుతూ నడవమనండి. చదువుకోని వాళ్లకు ఈ లెక్క పెట్టడం అన్యాయం, వాళ్లను కూరగాయల పేర్లు చెప్పమంటే సరిపోతుంది. మామూలుగా 11 సెకన్లు పట్టి, లెక్కతో 14 పడితే వేగం అయిదో వంతు తగ్గినట్టు. అంతకుమించి తగ్గినా, లెక్క మధ్యలో అడుగు ఆగినా, గీత దగ్గర తిరిగేటప్పుడు తూలినా రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. మోకాళ్ల నొప్పి ఉంటే రెండు కొలతలూ పెరుగుతాయి గానీ, వాటి మధ్య తేడా అంతగా పెరగదు. ఆ తేడా తల చేసే పనికి సంబంధించింది. అందుకే రెండూ కొలవమంటున్నాం.

చాలామంది చేసే తప్పు, కొలుస్తూ ‘బాగుంది, ఇంకొంచెం, అదిగో గీత’ అంటూ ఉండటం. అప్పుడు మొదటి కొలతలోనే రెండో పని కలిసిపోతుంది. నోరు మెదపకుండా కొలవండి. ఒకసారి పొద్దున, ఇంకోసారి నిద్రమాత్ర వేసుకున్నాక కొలిచి పోల్చినా అర్థం లేదు. మూడు నెలలకోసారి, ఒకే వేళకు, అవే చెప్పులతో కొలవండి.

ప్రశ్న: నడుస్తూ విష్ణు సహస్రనామం చదువుకుంటాను. మీరు చెప్పే లెక్కన అది ప్రమాదమా? – ఒక పాఠకుడు, విజయనగరం

కాదు. దశాబ్దాలుగా నోటికి వచ్చినది నుదుటి వెనక భాగాన్ని పెద్దగా అలసిపోనివ్వదు. ఆ లయకు అడుగు సమంగా పడుతుంది కూడా. అయితే అదే కారణాన అది మెదడుకు కొత్త సాధన కూడా కాదు. నక్షత్రాల పేర్లు రేవతి, ఉత్తరాభాద్ర, పూర్వాభాద్ర అంటూ వెనక్కి చెప్పి చూడండి, ఎంత శ్రద్ధ కావాలో మీకే తెలుస్తుంది. అది మాత్రం మేడమీద వరండాలోనో, పార్కులో సమంగా ఉన్న బాటలోనో చేయండి. రోడ్డు మీద వద్దు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. రాత్రి ఎనిమిదికి, అంటే అక్కడ పొద్దున ఆరున్నరకు, నాన్నకు ఫోన్ చేస్తాను. ఆయన వాకింగ్‌లో ఉంటారు. తోడుగా మాట్లాడుతున్నాను కదా అనుకుంటున్నాను. ఇయర్‌ఫోన్స్ కొనిపెడితే సరిపోతుందా? – ఒక కూతురు

అమ్మా, ఫోన్ గంట ఆలస్యంగా చేయండి. ఆయన ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నప్పుడు మాట్లాడుకుంటే ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. ఫోన్ చెవిన పెట్టుకుంటే ఒక చెయ్యి ఊగదు, ఒక చెవి వెనక వచ్చే బండి చప్పుడు వినదు. ఇయర్‌ఫోన్స్ వల్ల చెయ్యి ఖాళీ అవుతుంది గానీ, మనసు ఖాళీ అవదు. వినికిడి కొంచెం తగ్గినా, తెగుతూ వచ్చే మాటను పోల్చుకోవడానికే మెదడు చాలా శ్రమపడుతుంది. మనవడి జ్వరం సంగతి వింటూ రోడ్డు దాటే మనిషి బండి దూరాన్ని, వేగాన్ని తప్పుగా అంచనా వేస్తాడు.

వీడియో కాల్‌ను మాత్రం బాగా వాడుకోవచ్చు. ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి, వంటింటి దాకా వెళ్లి రమ్మనండి. వెనక్కి తిరగడానికి చిన్నచిన్న అడుగులు అయిదారు పడుతున్నాయా, ఒక చెయ్యి ఊగడం తగ్గిందా, కుర్చీలోంచి లేవడానికి రెండుమూడు సార్లు ఊగాల్సి వస్తోందా చూడండి. మాటల్లో దాచేసే సంగతులు ఈ అరనిమిషంలో కనిపిస్తాయి.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రలు ఇచ్చారు, అప్పటి నుంచి అవే వాడుతున్నాం. గ్యాస్ మాత్ర ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు నడక బాగా నెమ్మదించింది, చేతులు వణుకుతున్నాయి, ముఖంలో నవ్వు కూడా పోయింది. అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తోంది. పార్కిన్సన్ అంటున్నారు. – ఒక పాఠకురాలు, ఒంగోలు

పార్కిన్సన్ అని ఖాయం చేసే ముందు మాత్రల పేర్లు చూడాలి. కళ్లు తిరగడానికి మన దగ్గర ఎక్కువగా రాసే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మెదడులో డోపమిన్ పనికి అడ్డుపడతాయి. కొన్ని రోజులకు ఇచ్చిన వాటిని నెలల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్ లాంటి లక్షణాలే వస్తాయి. ఇక గ్యాస్ మాత్రలు. పాంటొప్రజోల్, రాబెప్రజోల్ పేర్ల పక్కన లెవోసల్పిరైడ్ అని కలిపి ఉన్న క్యాప్సూళ్లు మన మందుల షాపుల్లో విరివిగా దొరుకుతాయి. ఆ లెవోసల్పిరైడ్ కూడా ఇదే పని చేస్తుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. ‘గ్యాస్ మాత్రే కదా’ అని ఎవరూ దాన్ని అనుమానించరు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి, బ్రాండు పేరు చూస్తే తెలియదు.

అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఎప్పుడు మొదలుపెట్టారో తారీఖులు రాసుకెళ్లండి. మాత్ర మొదలైన కొన్ని వారాలకో నెలలకో లక్షణాలు మొదలైతే అనుమానం బలపడుతుంది. ఆపాక కోలుకోవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. కొందరిలో లక్షణాలు పూర్తిగా పోవు, అప్పుడు లోపల అసలు పార్కిన్సన్ కూడా ఉండి ఉండవచ్చు. చేతుల వణుకుకు పసిటేన్ లాంటి ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర మొదలుపెడతామంటే, ఈ వయసులో అది మరుపును, తికమకను పెంచుతుందని గుర్తుచేసి అడగండి. ఒక మాత్ర తెచ్చిన తంటాకు ఇంకో మాత్ర వేయడం పెద్దవాళ్ల విషయంలో చాలా తరచుగా జరుగుతోంది. ఇది ఆగాలి.

జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు వాడే ఆల్‌ప్రజోలమ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్ కూడా నడకను, ఆలోచనను కలిపి మందగింపజేస్తాయి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఆల్‌ప్రజోలమ్, క్లోనజెపామ్ నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ప్రశ్న: నాకు 68. మా వీధిలో ఆడవాళ్లం సాయంత్రాలు కోలాటం నేర్చుకుంటున్నాం. మా అబ్బాయి ‘ఈ వయసులో ఎందుకమ్మా, వాకింగ్ చాలు’ అంటున్నాడు. – ఒక రిటైర్డ్ టీచరు, రాజమహేంద్రవరం

మీరే కరెక్టు. తిన్నటి బాటలో వాకింగ్ గుండెకు మంచిది. పడకుండా ఉండటానికి మాత్రం అదొక్కటే చాలదు, ఎందుకంటే అందులో తూకానికి పరీక్ష లేదు, తలకు పనీ లేదు. కోలాటంలో పాటకు తగ్గట్టు అడుగు వేయాలి, ఎదుటివాళ్ల కోలకు సరిగ్గా తగిలేలా చెయ్యి కదలాలి, దిక్కు మార్చాలి, తర్వాతి వరస గుర్తుంచుకోవాలి. జెనీవాలో 65 దాటిన 134 మంది మీద, పియానో లయ మారినప్పుడల్లా అడుగు మార్చుకునే తరగతులు వారానికో గంట చొప్పున ఆరు నెలలు నడిపి చూశారు. వాళ్లకు ఇంకో పని చేస్తూ నడిచేటప్పుడు అడుగులు స్థిరపడ్డాయి, పడిపోవడం తగ్గింది. 2011లో ఆ వివరాలు వచ్చాయి. అది కోలాటం కాదు, కానీ ఆ తరగతుల్లో ఉన్న దినుసులన్నీ కోలాటంలో ఉన్నాయి.

నేర్చుకునే పద్ధతి ముఖ్యం. ఒకసారికి ఒక్కటే కష్టం పెంచాలి. మొదటి రెండు వారాలు కోలలు లేకుండా అడుగులు మాత్రమే. అవి చూడకుండా పడుతున్నప్పుడు కోలలు. ఆ తర్వాతే గొంతు కలపడం. మూడూ మొదటిరోజే పెడితే అడుగు తప్పుతుంది. చీర కుచ్చెళ్లు చీలమండకు పైన ఉండాలి. నేల తడి లేకుండా, గతుకులు లేకుండా ఉండాలి. కాళ్లు ఒకదానికొకటి అడ్డుపడేది ఎక్కువగా గిర్రున తిరిగే వరసల్లోనే, కాబట్టి వాటిని నెమ్మదిగా, రెండుమూడు అడుగుల్లో తిరగండి. పోటీలు దగ్గరపడగానే పాట వేగం పెంచుతారు. అలసిపోయిన చివరి పది నిమిషాల్లో ఆ వేగం పనికిరాదు, నిర్మొహమాటంగా పక్కకు వచ్చి కూర్చోండి.

దీనికి తోడు వారంలో మూడు రోజులు ఇవి చేయండి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి చురుగ్గా లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. పదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పదిసార్లు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం పదిహేను సార్లు. ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు బొటనవేలు తగిలేలా పెట్టి, గట్టు మీద వేళ్లు ఆనీ ఆననట్టు ఉంచి నిలబడాలి. 10 సెకన్లు కూడా నిలబడలేకపోతే పడే ముప్పు ఉన్నట్టే, కొంతకాలం ఇదే సాధన చేయాలి. 30 సెకన్లు తేలిగ్గా నిలబడగలిగితే అప్పుడు కూరగాయల పేర్లు చెబుతూ నిలబడండి. తూకానికి పరీక్ష పెట్టే కసరత్తులు కోలాటంతో కలిపి వారానికి 3 గంటలు దాటేలా చూసుకుంటే ఫలితం బాగుంటుంది.

తిండి సంగతి. మీ బరువు 55 కిలోలైతే రోజుకు 55 నుంచి 66 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఇడ్లీ, పప్పుచారు, మజ్జిగన్నంతో అంత రాదు. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసుడు పాలకు 6, 7 గ్రాములు వస్తాయి. ముద్దపప్పు చిక్కగా, రెండు పూటలా వేసుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే పెంచాలి.

ప్రశ్న: మా పెద్దనాన్న అడుగు తీయడానికే కష్టపడుతున్నారు, పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఈడుస్తారు. మరుపు ఉంది. ఈమధ్య బాత్రూముకు చేరేలోపే పంచె తడిసిపోతోంది. పెద్దతనం అని ఊరుకున్నాం. – ఒక పాఠకుడు, వరంగల్

ఊరుకోకండి. నడక, మరుపు, మూత్రం ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ఒక జబ్బును తప్పకుండా వెతకాలి. మెదడు లోపలి గదుల్లో నీరు ఎక్కువై అవి ఉబ్బుతాయి. దాన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ అంటారు. 1965లో హకీం, ఆడమ్స్ అనే వైద్యులు దీన్ని వివరించారు. సాధారణంగా ముందు దెబ్బతినేది నడక. కాళ్లు దూరంగా పెట్టి, పొట్టి అడుగులతో, పాదం ఎత్తకుండా నడుస్తారు. స్కాన్‌లో గదులు ఉబ్బి కనిపిస్తే, నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, తీయకముందు, తీశాక నడకను కొలుస్తారు. ఆ కొలతలను మీరు కూడా వీడియో తీసి ఉంచండి. నడక మెరుగైతే షంట్ అనే సన్నని గొట్టం వేసి అదనపు నీటిని సాధారణంగా పొట్టలోకి మళ్లిస్తారు. నడక కుదుటపడే అవకాశం ఎక్కువ, మరుపు తగ్గే అవకాశం దానికన్నా తక్కువ. ఆలస్యమైనకొద్దీ ఈ రెండు అవకాశాలూ తగ్గుతాయి. మూడు లక్షణాలకు ప్రోస్టేట్, షుగర్‌తో దెబ్బతిన్న నరాలు, మోకాళ్లు అని వేర్వేరు కారణాలు కూడా ఉండవచ్చు, అందుకే స్కాన్ కావాలి.

ప్రశ్న: రాత్రి మూత్రానికి లేచినప్పుడే అమ్మ రెండుసార్లు పడింది. పగలు బాగానే తిరుగుతుంది. – ఒక పాఠకురాలు, అనంతపురం

రాత్రి లేచేసరికి నిద్రమత్తు వదలదు, చీకట్లో కన్ను సాయం రాదు, లేవగానే బీపీ పడుతుంది, పైగా తొందర. పగలు ఒకదాని లోటును ఇంకోటి తీరుస్తుంది, రాత్రి అన్నీ ఒక్కసారే చేతులెత్తేస్తాయి. మంచం అంచున కాళ్లు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవమనండి. మంచం నుంచి బాత్రూము దాకా, మోకాలి కన్నా కింద వెలిగే చిన్న బల్బులు పెట్టండి. గడప ఉంటే దాని అంచుకు తెల్లరంగు పట్టీ వేయండి. కమోడ్ పక్కన పట్టుకోవడానికి గోడలోకి బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. తువ్వాలు తగిలించే కడ్డీ మనిషి బరువు ఆపదు, పట్టుకుంటే ఊడి వస్తుంది. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేది ఉంటే దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. ఆమె లేచిన అలికిడి వినగానే పక్కగదిలోంచి ‘అమ్మా, ఎక్కడికి?’ అని కేక వేయకండి. లేచి వెళ్లి, మాట్లాడకుండా చెయ్యి అందించండి.